రెండోసారి వెళ్లి చూద్దాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మార్కాపురంలో జరిగిన యువజన సమావేశంలో గిరిజన బాలికల వసతి గృహ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

దోర్నాల, యర్రగొండపాలెం వైపు గూడేల నుంచి, పుల్లలచెరువు, పెద్దారవీడు, కంభం, గిద్దలూరు, కొమరోలు వైపు తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. మీలో కొంతమంది మా హాస్టల్లో చదువుకున్న వాళ్లే. వెనక వరుసలో తలొంచుకుని కూర్చున్నా నేను గుర్తుపడతాను. రోజూ రెండు పూటలా హాజరు వేసే మనిషిని కదా, ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది.

నాకు ఇచ్చిన అంశం "స్వచ్ఛంద సంస్థల్లో నైపుణ్యాల పెంపు, పనితీరు కొలత". ఆహ్వానంలో చదివినప్పుడు ఇదేదో పెద్ద ఆఫీసుల్లో మాట్లాడుకునే సంగతిలా అనిపించింది. కానీ ఆలోచిస్తే ఇది మన సంగతే. ఈ నాలుగైదేళ్లలో మన గూడేల్లో, తండాల్లో యువజన సంఘాలు చాలా వచ్చాయి. కొన్ని రిజిస్టరు అయ్యాయి, కొన్ని వాట్సాప్ గ్రూపుగానే నడుస్తున్నాయి. సేవాలాల్ జయంతి చేస్తున్నారు, నోటు పుస్తకాలు పంచుతున్నారు, రక్తదానం చేస్తున్నారు, ఎవరికైనా జబ్బు చేస్తే చందాలు వేస్తున్నారు. మా చిన్నతనంలో ఇవేవీ లేవు. మీరు చేస్తున్నారు, దానికి ముందుగా మీకు అభినందనలు.

అభినందనలు అయ్యాయి కాబట్టి ఇప్పుడు టీచరు అడిగే ప్రశ్న అడుగుతాను. నిరుడు మీ సంఘం ఏం చేసింది? ఈ ప్రశ్నకు మీరందరూ జవాబు చెప్పగలరు. ఫోన్‌లో ఫోటోలు కూడా ఉంటాయి. రెండో ప్రశ్న: మీరు చేసినదాని వల్ల ఎవరికి ఏం మారింది? ఇక్కడ హాలంతా నిశ్శబ్దం అయింది చూశారా. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే ఈరోజు మాట్లాడతాను.

మన మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. ఇక్కడి గనుల రాయితో చేసిన పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దారు. పలక ఎందుకు మంచి వస్తువో ఎప్పుడైనా ఆలోచించారా? పిల్ల దాని మీదే నేర్చుకుంటుంది, టీచరు దాని మీదే చూస్తుంది. అక్షరం వంకర పోతే అక్కడే తుడిచి మళ్లీ రాయిస్తాం. నేర్చుకోవడం, కొలవడం రెండూ ఒకే చోట, ఒకే పూట జరుగుతాయి. సంఘం పని కూడా అలా ఉండాలి. పని ఒకరు చేయడం, ఏడాది చివర ఇంకెవరో వచ్చి నివేదిక రాయడం అంటే ఆ నివేదిక బీరువాలోకి పోతుంది, పని అలాగే వంకరగా ఉండిపోతుంది.

ఇప్పుడు నోటు పుస్తకాల సంగతే తీసుకుందాం. లెక్క అర్థం కావడానికి చెబుతున్నాను, ఒక తండాలో జూన్‌లో 40 మంది పిల్లలకు పుస్తకాలు పంచారనుకోండి. నివేదికలో "40 మందికి లబ్ధి" అని రాస్తారు. అది చేసిన పని లెక్క, అబద్ధం కాదు. కానీ మన ప్రాంతంలో సంక్రాంతి దాటితే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. ముసలాళ్లు ఇంటి దగ్గర ఉంటే పిల్లలు ఆగుతారు, లేకపోతే పెట్టెతో పాటు పిల్లలు కూడా ట్రాక్టరెక్కుతారు. ఫిబ్రవరిలో అదే తండాకు వెళ్లి, ఆ 40 మందిలో బడిలో ఎంతమంది ఉన్నారో చూస్తే వచ్చేది మార్పు లెక్క. జూన్ లెక్కకు ఫోటో ఉంటుంది. ఫిబ్రవరి లెక్కకు ఫోటో ఉండదు. కానీ ఆ పిల్లల బతుకు ఫిబ్రవరి లెక్కలోనే ఉంది.

హాస్టల్లో కూడా ఇదే. జూన్‌లో రిజిస్టరులో ఉన్న పేర్లు చూసి నేను సంతోషించను. దసరా సెలవుల తర్వాత ఎంతమంది తిరిగి వచ్చారు, సంక్రాంతి తర్వాత ఎంతమంది వచ్చారు, పదో తరగతి పరీక్ష రాసిన పిల్ల ఇంటర్‌లో చేరిందా, చేరిన పిల్ల రెండో సంవత్సరానికి వెళ్లిందా, ఇవి చూస్తాను. ఎక్కువ మంది జారిపోయేది ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారేటప్పుడే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, పేరు చెప్పను. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. ఒక సంస్థ వాళ్లు వచ్చి కాలేజీలో చేర్పించారు, శాలువా కప్పారు, వాళ్ల నివేదికలో ఆ అమ్మాయి ఒక విజయగాథ అయింది. దసరాకు ఊరెళ్లి చూస్తే ఆ పిల్ల ఇంట్లో ఉంది, గొర్రెల వెనక పోతోంది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంకొకటి. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోయింది. కాలేజీలో ఫీజు అడిగారు, తండ్రి నోరెత్తలేక పిల్లను తీసుకొచ్చేశాడు. చేర్పించిన వాళ్లు మంచివాళ్లే, కానీ రెండోసారి రాలేదు. ఆ గూడెంలోనే డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి మాత్రం ఈ సంగతి పట్టుకున్నాడు. ఆధార్ సెంటరుకు, సచివాలయానికి, కాలేజీకి ఆ తండ్రిని వెంటబెట్టుకుని ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఆ అబ్బాయికి శాలువా ఎవరూ కప్పలేదు. పుట్టిన తేదీ తేడా ఎక్కడ సరిదిద్దాలో తెలియడం, ఒక పని మీద మూడుసార్లు విసుగులేకుండా తిరగడం, అదీ నైపుణ్యం అంటే.

మన తెలుగు నేల మీద ఈ పని బాగా చేసిన వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

మొదటిది ఎం.వి. ఫౌండేషన్. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో ఏర్పడింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టిలో, కూలిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. అక్కడ ఊళ్లలో తిరిగింది మీలాంటి యువకులే, చాలామంది తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్న వాళ్లు. వాళ్లు కొలత ఎలా పెట్టుకున్నారో చూడండి. బడికి రాని పిల్ల ఏ పని చేసినా, చేయకపోయినా బాల కార్మికురాలే అన్నారు. పొలంలో ఉన్నా, ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకుని ఉన్నా లెక్క ఒకటే. ఎంతమందిని చేర్పించాం అని కాకుండా ఊళ్లో ఇంకా ఎంతమంది మిగిలారు అని అడిగారు. ప్రతి పిల్లనూ పేరుతో రాసుకున్నారు.

తేడా పట్టుకున్నారా? "30 మందిని చేర్పించాం" అంటే చప్పట్లు వస్తాయి. "ఇంకా 6 మంది మిగిలారు, వాళ్ల పేర్లు ఇవి" అంటే రేపు పొద్దున ఎవరి ఇంటికి వెళ్లాలో తెలుస్తుంది. సంఘానికి పనికొచ్చేది రెండో లెక్కే.

రెండోది అసర్ సర్వే. ప్రథమ్ అనే సంస్థ 2005లో మొదలుపెట్టింది. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. స్థానిక వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని చదివిస్తారు. చేతిలో ఒక కాగితం, దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. అంతే. ముందు పేరా చదవమంటారు. తేలిగ్గా చదివితే కథ ఇస్తారు. తడబడితే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కల్లో అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం. ఒక్కో పిల్లకు కొన్ని నిమిషాలు చాలు.

ఈ చిన్న కాగితం దేశం మొత్తానికి ఒక సంగతి చూపించింది. ఐదో తరగతిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది రెండో తరగతి కథ చదవలేకపోతున్నారని. అంతవరకు ఎంతమంది బడిలో చేరారన్న లెక్కే ఉండేది, ఎంత నేర్చుకున్నారన్నది తల్లిదండ్రులకు తెలిసేది కాదు. ఇంటి అరుగు మీద, అమ్మ చూస్తుండగా పిల్ల చదివితే, అమ్మకు చదువు రాకపోయినా తన బిడ్డ తడబడుతోందని అర్థమవుతుంది. కొలత అంటే అలా ఉండాలి. ఎవరి గురించి కొలుస్తున్నామో వాళ్లకు అర్థం కావాలి.

మీరు ఈ పని మీ గూడెంలో చేయగలరు. కానీ ఒక జాగ్రత్త. మన తండా పిల్ల ఇంట్లో గోర్‌బోలి మాట్లాడుతుంది. ఎరుకల పిల్లకు ఇంటి భాష వేరు. తెలుగు పేరా ఇచ్చి చదవలేదని "ఈ పిల్లకు రాదు" అని రాసేస్తే, కొలిచింది ఆ పిల్ల తెలివిని కాదు, తెలుగుతో ఉన్న పరిచయాన్ని. చదివించాక దాని అర్థం వాళ్ల భాషలో చెప్పమనండి. బయటి నుంచి వచ్చిన వాళ్లకు ఈ సంగతి తట్టదు. మీకు తడుతుంది. అందుకే ఈ పని మీరే చేయాలి.

మూడోది మన అడవిలోని మాట. తపసి జిగురు చెంచు తమ్ముళ్లకు బాగా తెలుసు. పాతరోజుల్లో గొడ్డలితో లోతుగా గాటు పెట్టేవాళ్లు. జిగురు వచ్చేది, దాంతో పాటు బెరడు ముక్కలు, దుమ్ము కలిసేవి, చెట్టు కూడా ఎండిపోయేది. విశాఖపట్నంలో 1994లో ఏర్పడిన కోవెల్ ఫౌండేషన్ తపసి జిగురు సేకరించే గిరిజనులకు శిక్షణ ఇచ్చింది. గాటు పైపైన ఎలా పెట్టాలి, ఎంత ఎడం ఇవ్వాలి, శుభ్రంగా ఎలా సేకరించి ఆరబెట్టాలి అన్నది చెట్టు దగ్గర నిలబడి చేసి చూపించడం. ఈ శిక్షణ పనికొచ్చిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పేపరు అక్కర్లేదు. గిరిజన సహకార సంస్థ తూకం దగ్గర జిగురు ఏ రకంలో పడింది, చేతికి ఎంత వచ్చింది అన్నది ఒక కొలత. వచ్చే ఏడాది అదే చెట్టు పచ్చగా ఉందా అన్నది రెండో కొలత. డబ్బు పెరిగి చెట్టు చస్తే అది నైపుణ్యం కాదు. ఈ రెండో కొలత తీసుకోవాలంటే మళ్లీ ఆ చెట్టు దగ్గరికి వెళ్లాలి.

ఇక్కడ నైపుణ్యం ఎలా వస్తుందో కూడా తెలుస్తోంది. తేనె తీయడం చెంచు కుర్రాడికి ఎవరు నేర్పారు? ఏ హోటల్ హాల్లోనూ శిక్షణ జరగలేదు. మామ కొండచరియ దిగుతుంటే పైన తాడు పట్టుకున్నాడు. తర్వాత మామతో కలిసి దిగాడు. ఆ తర్వాత తను దిగితే మామ తాడు పట్టుకున్నాడు. బి.ఎడ్.లో మాకు చెప్పిన బోధన పద్ధతుల సారం కూడా ఇదే. ముందు చూడు, తర్వాత కలిసి చెయ్యి, తర్వాత నువ్వు చెయ్యి, నేను చూస్తాను.

మన సంఘాల్లో ఏం జరుగుతోంది? ఒకరోజు శిక్షణ, భోజనం, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. మర్నాడు దరఖాస్తు రాయమంటే మళ్లీ అధ్యక్షుడే రాస్తాడు. అధ్యక్షుడు ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో పోతే సంఘం మూతపడుతుంది. కాబట్టి మీ సంఘం బలాన్ని కొలవడానికి నేను చెప్పే తేలిక పద్ధతి ఇది. ముఖ్యమైన ఐదు పనులు రాసుకోండి. ఒకటి, తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం రాయడం. రెండు, ఊళ్లో ఇంటింటి జాబితా తయారుచేయడం. మూడు, కుల ధృవీకరణ, ఆధార్, స్కాలర్‌షిప్ కాగితాల్లో చిక్కు ఎక్కడుందో పట్టుకోవడం. నాలుగు, సమాచార హక్కు దరఖాస్తు రాయడం. 2005 చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని మీలో ఎంతమందికి తెలుసు? ఐదు, అధికారి ముందు తడబడకుండా విషయం చెప్పడం. ఇప్పుడు ఒక్కో పని ఎదురుగా, ఆ పని ఇంకొకరి సాయం లేకుండా చేయగల వాళ్ల పేర్లు రాయండి. ఐదింటికీ ఒకే పేరు వస్తే అది సంఘం కాదు, ఒక మనిషి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ రాయండి. పేర్లు పెరిగితే నైపుణ్యం పెరిగినట్టు. ఆ పేర్లలో ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోండి. టీ అందించే పని దగ్గర చెల్లెళ్లు ఉంటారు, నగదు పుస్తకం దగ్గర ఉండరు. ఎందుకో మీరే చెప్పాలి.

సంఘం ఆరోగ్యాన్ని కొలవడం మన అమ్మలకు మనకంటే ముందే తెలుసు. పొదుపు సంఘాల పంచసూత్రాలు ఇంట్లో అడగండి. క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, అప్పు సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. బ్యాంకులు వీటిని చూసే సంఘానికి గ్రేడు ఇస్తాయి, అప్పు ఇస్తాయి. సంతకం అప్పుడే నేర్చుకున్న అమ్మలు ఈ ఐదూ పాటిస్తున్నారు. డిగ్రీ చదివిన మనం సంఘం రిజిస్టరు చేయించి, ఏడుగురి సంతకాలు పెట్టించి, ఆ తర్వాత సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెట్టామో గుర్తులేకుండా ఉంటే ఎట్లా?

పొదుపు సంఘాల మాట వచ్చింది కాబట్టి దూబగుంట గురించి చెప్పాలి. మన పక్క నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షర దీపం పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలు కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చారు. అక్కడ పాఠం మీద మాట మొదలై, మొగుళ్ల కూలి డబ్బంతా సారా దుకాణానికి పోతున్న సంగతి దగ్గరికి వచ్చింది. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకుందాం అన్న ఆలోచనతో పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి.

ఇందులో మనకు పనికొచ్చేది ఏమిటి? అక్షరాస్యత కార్యక్రమంలో ఎంతమంది చదవడం, రాయడం నేర్చారన్నదే లెక్క. "సారా దుకాణం మూయించారు" అన్న గడి ఏ రిజిస్టరులోనూ ముందుగా గీసి ఉండదు. అసలు ఫలితం అక్కడ వచ్చింది. అందుకని మీరు ఏ పట్టిక గీసినా చివర ఒక గడి ఖాళీగా ఉంచండి. ఆ ఇంటివాళ్లను "మీకు ఏం మారింది?" అని అడిగి, వాళ్లు చెప్పిన మాట వాళ్ల మాటల్లోనే అందులో రాయండి. మనం అనుకోనిది వాళ్లు చెబుతారు. ఒక్కోసారి "ఏం మారలేదమ్మా" అంటారు. అదీ రాయాలి.

ఇప్పుడు కొలతలో ఉన్న ప్రమాదాలు.

2014 ఏప్రిల్ నుంచి చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మీలో కొన్ని సంఘాలు ఆ నిధుల కోసం ప్రయత్నిస్తున్నాయని విన్నాను. మంచిదే. వాళ్లు నివేదిక అడుగుతారు, అంకెలు అడుగుతారు, అడగడం వాళ్ల హక్కు. కానీ నిధులు ఇచ్చేవాడి కోసం తీసే లెక్క, మన పని సరిదిద్దుకోవడానికి తీసే లెక్క వేరువేరు. మీకు బడిలో ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు గుర్తున్నాయి కదా. ఎఫ్‌ఏ ఎందుకు? పిల్ల ఎక్కడ ఆగిందో తెలుసుకుని, పాఠం మళ్లీ చెప్పడానికి. ఎస్‌ఏ అప్పటిదాకా నేర్చుకున్నదాని మీద లెక్క. ఎఫ్‌ఏ మార్కులు కూడా పైవాళ్లకు చూపించడానికే వేస్తే ఏమవుతుందో టీచర్లందరికీ తెలుసు. అందరికీ మంచి మార్కులు వస్తాయి, ఎవరికీ చదవడం రాదు. సంఘంలో కూడా తక్కువ అంకె చెప్పినవాడిని తిట్టకండి. తిడితే మరుసటి నెల అంకె పెరుగుతుంది, పని పెరగదు.

రెండో ప్రమాదం, తేలిగ్గా లెక్కపెట్టగలిగినదాన్నే పనిగా పెట్టుకోవడం. చెంచులతో సహా ఆదిమ గిరిజన తెగల కోసం 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, అంగన్‌వాడీలు అందులో ఉన్నాయి. ఇల్లు మంజూరు కావడం ఒక లెక్క. కట్టడం పూర్తి కావడం ఇంకో లెక్క. వానాకాలం రాత్రి ఆ ఇంట్లో కుటుంబం పడుకుంటోందా, వంట లోపల చేసుకుంటున్నారా, నీళ్లకు ఎంత దూరం పోతున్నారు అన్నది మూడో లెక్క. మొదటి రెండూ ఆఫీసులో దొరుకుతాయి. మూడోది గూడెంలో ఉన్నవాడికే తెలుస్తుంది. ఆ లెక్క మీరు తీసి, గ్రామసభలో చదివితే దానికి విలువ ఉంటుంది.

మూడో ప్రమాదం, మనుషుల గౌరవం. పిల్ల చేతిలో పుస్తకం పెట్టి, "ఇటు చూడమ్మా" అని ఫోటో తీసి గ్రూపులో పెడతారు. ఆ పిల్లను అడిగారా? వాళ్ల అమ్మను అడిగారా? చదువు ఆపిన పిల్ల పేరు, తాగే తండ్రి పేరు, జబ్బు మనిషి పేరు మీ పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం అందరికీ చూపించేది కాదు. గ్రామసభలో అంకె చెప్పండి, పేరు చెప్పకండి. మన గురించి బయటివాళ్లు రాసిన లెక్కలు మన తాతల కాలం నుంచి చూశాం. చెరిపినా పోని ముద్రలు వేశారు. ఎరుకల పెద్దలకు ఆ నొప్పి ఇంకా గుర్తుంది. ఇప్పుడు లెక్క రాసే పెన్ను మన చేతికి వచ్చింది, కాబట్టి మన లెక్క ఎవరినీ తల వంచుకునేలా చేయకూడదు.

ఒక పెద్ద అంకె కూడా చెబుతాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజనుల అక్షరాస్యత సుమారు 59 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కొంచెం తక్కువ. ఇలాంటి అంకె వింటే బాధ కలుగుతుంది, తర్వాత మరిచిపోతాం. ఎందుకంటే ఆ అంకెలో మనకు తెలిసిన ముఖం ఒక్కటీ కనపడదు. కానీ మీ తండాలో ఏడో తరగతిలో ఉండి పేరా చదవలేని తొమ్మిది మంది పేర్లు మీ దగ్గరుంటే మరిచిపోవడం కష్టం. వాళ్లు రోజూ మీ ఇంటి ముందు నుంచే నడుస్తారు.

చివరగా చేయాల్సిన పని చెబుతాను. రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు, ఖర్చు ఒక పొడుగు నోటు పుస్తకం.

మీ ఊళ్లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలందరి పేర్లు రాయండి. కొందరివి కాదు, అందరివి. ఊరు పెద్దదైతే ఒక వీధితో మొదలుపెట్టండి. ప్రతి పేరు ఎదురుగా నాలుగు గడులు. మొదటిది, ఈ నెల ఎక్కడుంది: బడిలోనా, ఇంట్లోనా, పనిలోనా. రెండోది, చదవగలిగినది: అక్షరమా, పదమా, పేరానా, కథా. మూడోది, ఏదైనా కాగితం చిక్కు ఉందా. నాలుగోది ఖాళీ గడి, ఇంటివాళ్ల మాట కోసం. ఈ పని దసరా లోపల అవ్వాలి. ఒకరే కూర్చుని రాయకండి. తెలిసినవాళ్లు తెలియనివాళ్లను వెంట తీసుకెళ్లండి, రెండో వీధికి వాళ్ల చేత రాయించండి.

తర్వాత మూడు పనులకు మించి పెట్టుకోకండి. కాగితాల చిక్కులు తీర్చడం, సాయంత్రం గంటసేపు చదివించడం, కోతలకు వెళ్లే కుటుంబాల పిల్లలను హాస్టల్లోనో బంధువుల ఇంట్లోనో ఆపే మాట ముందుగానే మాట్లాడటం. ఈ మూడోదాని కోసం డిసెంబరులోనే ఇంటికి వెళ్లాలి. ట్రాక్టరు వచ్చాక వెళితే ఎవరూ వినరు. తల్లిదండ్రులను తప్పుపట్టకండి. పని లేకే పోతున్నారు. పిల్ల ఎక్కడ తింటుంది, ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటే వాళ్లు ఆపుతారు. హాస్టల్లో చోటు కావాలంటే వార్డెన్‌ను ముందే కలవండి. నన్ను కలవండి. చోటు ఉంటే ఇస్తాను, లేకపోతే ఎక్కడ ఉందో చెబుతాను.

ఫిబ్రవరి చివరలో అదే పుస్తకం పట్టుకుని అవే ఇళ్లకు రెండోసారి వెళ్లండి. అవే గడులు పక్కన ఇంకో రంగు పెన్నుతో రాయండి. రెండు రంగుల మధ్య ఉన్న తేడా మీ సంఘం ఏడాది పని. ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు, ఎందుకు మారలేదు అని కూర్చుని మాట్లాడుకోండి. ఉగాదికి ఊరి పెద్దల ముందు, అమ్మల ముందు చదివి వినిపించండి. వాళ్లు ప్రశ్నలు అడుగుతారు. కంపెనీవాళ్ల ప్రశ్నల కంటే అవి గట్టిగా ఉంటాయి. వాటికి నిలబడి జవాబు చెప్పగలిగిన సంఘం ఏ నిధుల ముందైనా నిలబడుతుంది, నిధులు లేకపోయినా నడుస్తుంది.

ఐక్యరాజ్యసమితి 1994లో ఆగస్టు 9ని ఆదివాసీల దినంగా ప్రకటించింది. ఈరోజు మన డప్పు, మన నాట్యం, మన వేషం చూసి అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి, అవి మనవి, వాటిని వదలకూడదు. దాంతో పాటు మన పిల్లల పేర్లున్న పుస్తకం కూడా మన సంఘం ఆస్తి కావాలి. వచ్చే ఏడాది ఇదే సభకు ఎవరెవరు ఆ పుస్తకం తెస్తారో నేను చూస్తాను. ముందే చెప్పాను కదా, హాజరు వేస్తాను.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. చెల్లెళ్లు ముందు కూర్చోండి, తమ్ముళ్లు వడ్డిస్తారు.